ఇందులో అలంకారం లేదు

లింబాయత్, సూరత్
12 నవంబర్ 2020

చిన్నబాపూ, దండాలు.

ఫోన్లో "ఆఁ, ఊఁ, తిన్నవా" అనుకోవడం తెలుగు భాషకే అవమానమని నువ్వు అలిగావట. చెల్లె ఊర్మిళ చెప్పింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తన ఆన్‌లైన్ క్లాసులకే పోయింది కాబట్టి నీ అలకలో సగం గతిలేని అలకేనని కూడా చెప్పింది. సరే, ఉత్తరమే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపు. సూరత్ మున్సిపల్ బడిలో తెలుగు నేర్చి, వేసవి సెలవుల్లో నీ చేత చెవి మెలి తిప్పించుకుని అలంకారాలు బట్టీ పట్టినదాన్ని. ఇంతకంటే గొప్పగా రాయలేను.

బాపు బాగున్నాడు. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు పోయినవాళ్ళు చాలామంది తిరిగొచ్చారు. మా గల్లీలో బట్ట నేసే సాంచాల చప్పుడు మళ్ళీ మొదలైంది. అది లేనన్నాళ్ళూ బాపుకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఆ చప్పుడుకు నాకు పట్టడం లేదు.

నా ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. చెప్తాను విను. మా కంపెనీ పేరు ఊర్ధ్వ ఏరోస్పేస్. తాపీ నదికి అవతల అమ్రోలిలో, ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానా పై అంతస్తులో ఉంటుంది. కింద సూదులన్నీ ఒక్కసారిగా చీరల మీద పూలు కుడుతుంటే, పైన మేం అంతరిక్షాన్ని జయిస్తుంటాం. ఆ అదురుకు మా కొలత పరికరాల ముల్లు ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. "అది వణుకు కాదు, మన జోష్" అంటాడు మౌలిక్ భాయ్. ఆయన యజమాని. కాదు కాదు, యజమాని అంటే ఆయనకు కోపం, ఫౌండర్ అనాలి. చీరల మార్కెట్లో పెద్ద దుకాణం వాళ్ళబ్బాయి. మేం జీతగాళ్ళం కాదట, ఫ్యామిలీ అట. ఫ్యామిలీ కాబట్టి ఆదివారం సెలవు అడగకూడదు. పొద్దున రాగానే అందరం గుండ్రంగా నిలబడి నిన్న ఏం సాధించామో చెప్పాలి. ఒకడు స్క్రూలు ఎక్కడ పెట్టాడో గుర్తు తెచ్చుకున్నానన్నాడు. దానికి చప్పట్లు కొట్టాం.

గేటు దగ్గర మా ఫోన్లు లాక్కుంటారు. రాకెట్ రహస్యాలు బయటికి పోతాయని భయం. రాకెట్ ఉంటే కదా! హాల్లో థర్మాకోల్‌తో చేసింది ఒకటుంది. దానికి రోజూ దుమ్ము దులుపుతారు. నా పని పరీక్షలు చేయడం. తయారైన వస్తువు పనిచేస్తుందో లేదో చూసి చెప్పాలి. ఇంతవరకూ నేను చెప్పింది ఒకటే మాట, లేదు. ఆ మాటకు మా ఆఫీసులో నెగెటివిటీ అని పేరు పెట్టారు.

చిన్నమ్మను అడిగానని చెప్పు.

నీ బిడ్డ
అనురాధ


కోరుట్ల
3 డిసెంబర్ 2020

చిరంజీవి అనురాధను దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఎర్ర సిరా పెన్ను పట్టుకుని కూర్చున్నాను గాని దిద్దడానికి చోటు దొరకలేదు. నా శిష్యురాలివి అనిపించావు.

అయితే మీ చిన్నమ్మ కనకవ్వకు చదివి వినిపిస్తే కంగారుపడింది. "పిల్ల ఆడ గోస పడ్తున్నట్టున్నదయ్యా, జర మంచి చెడ్డ అర్సుకో" అంది. నేను పడీపడీ నవ్వాను. పిచ్చిదానా, దీన్ని నిందాస్తుతి అంటారు, పైకి తిట్టు, లోపల పొగడ్త అని వివరించాను. భక్తుడు శివుణ్ణి పట్టుకుని "బూడిద పూసుకునేవాడా, బిచ్చమెత్తేవాడా" అంటే అది తిట్టవుతుందా? చనువు ఉన్నచోటే ఆ నోరు లేస్తుంది. నీ కంపెనీ మీద నీకెంత మమకారం లేకపోతే అన్నిన్ని తిట్లు వస్తాయి! ఊర్ధ్వ! పేరు పెట్టినవాడెవడో గాని సంస్కృతం తెలిసినవాడు.

ఇక్కడ మా బడి ఇంకా తెరవలేదు. జీతం సంగతి ఎత్తితే కరస్పాండెంట్ నమస్కారం పెట్టి తలుపేసుకుంటున్నాడు. రెండు దశాబ్దాలు పిల్లలకు ఉపమ, ఉత్ప్రేక్ష చెప్పిన వాణ్ణి, ఇప్పుడు మీ చిన్నమ్మ బీడీలు చుట్టడానికి తునికాకు కత్తిరించి ఇస్తున్నాను. వంకరగా కోస్తున్నానని పొద్దస్తమానం తిడుతుంది. అది నిందాస్తుతి కాదు, అసలు సిసలు నిందే. ఆ తేడా నాకు తెలుసు.

మన వాడకట్టులో అందరికీ నీ గురించి చెప్పాను. అన్నకు నా నమస్కారం.

పైలం బిడ్డా, జాగ్రత్తగా ఉండు.
మార్కండేయ


లింబాయత్
20 జనవరి 2021

చిన్నబాపూ,

నీకో దండం. నేను తిట్టింది తిట్టే. పైనా తిట్టే, లోపలా తిట్టే, కొరికి చూసినా తిట్టే. చిన్నమ్మకు అర్థమైంది పండితుడికి అర్థం కాలేదేం?

మొన్నటి ఘనకార్యం చెప్తాను, అప్పుడైనా తెలుస్తుంది. ఉత్తరాయణ్ పండగకు సూరత్‌లో మనుషులంతా మిద్దెల మీదే ఉంటారు, పతంగుల కోసం. సరిగ్గా ఆ రోజే మౌలిక్ భాయ్ మా మిద్దె మీద కొత్తగా అతికించిన చిన్న రాకెట్‌కు పరీక్ష పెట్టాడు. జనం ఎలాగూ ఆకాశం వంకే చూస్తుంటారు కాబట్టి ఉచితంగా ప్రచారం అని లెక్క. పెట్టుబడి పెట్టేవాళ్ళను కూడా పిలిచాడు. వాళ్ళొచ్చేసరికి మాకందరికీ తెల్ల కోట్లు, చేతి తొడుగులు వేసి, "ఏదో ఒకటి బిగిస్తూ ఉండండి, ఖాళీ చేతులతో కనపడొద్దు" అన్నాడు. నేను బిగించిందే విప్పి, విప్పిందే బిగించాను.

ఇంజిన్ మీద నేను ముందే రాసిచ్చాను, అతుకు దగ్గర పగులుంది, కాల్చొద్దని. కాల్చారు. బుస్సుమని పొగ వచ్చింది, రాకెట్ పక్కింటి నీళ్ళ ట్యాంకు దాకా ఎగిరి, ఎవరిదో పతంగి మాంజాకు చిక్కుకుని వేలాడింది. దానికి ఎంతో పైన కాగితం పతంగులు హాయిగా ఎగురుతున్నాయి. పక్క మిద్దె మీది ఆడవాళ్ళు పెళ్ళి బాణసంచా అనుకుని ఈలలేశారు. ఆ ఈలలు, ఆ పొగ మాత్రం వీడియోలో ఉంచి మిగతాది కత్తిరించారు. విజయవంతమైన ప్రయోగమట. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మానేద్దామనే ఉంది. బాపు సాంచా వారంలో సగం రోజులే నడుస్తోంది. అందుకే నోరు మూసుకుని పోతున్నాను.

ఇది నింద. మళ్ళీ చెప్తున్నాను, నింద.

అనురాధ


కోరుట్ల
14 ఫిబ్రవరి 2021

బంగారు తల్లి అనురాధకు,

ఎంత వినయం! "దానికి ఎంతో పైన కాగితం పతంగులు" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. గొప్ప పని చేసినవాడు తన పనిని తనే తక్కువ చేసుకోవడం పెద్దల లక్షణం. పైగా "ఇది నింద, నింద" అని ఒత్తి చెప్పడం! అంత ఒత్తి చెప్పావంటే కాదనే కదా అర్థం. నీకు నేను నేర్పిన విద్య నాకే చూపిస్తున్నావు.

పక్కింటి ఆగయ్యకు ఆ ఉత్తరం చదివి వినిపించాను. "మన లింగం బిడ్డ రాకెట్ ఇడ్సిందా! మన పద్మశాలోళ్ళ పిల్ల!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వీడియో ఊర్మిళ ఫోన్లో చూపించాం. పొగ అమోఘంగా ఉంది.

ఒక్క మాట. అప్పుడప్పుడు నేరుగా కూడా నాలుగు మంచి మాటలు రాయి. కనకవ్వకు అలంకారం తలకెక్కదు. పాపం, నీ గురించి దిగులు పడుతోంది.

పైలం.
మార్కండేయ


లింబాయత్
18 ఏప్రిల్ 2021

చిన్నబాపూ,

సరే. తిడితే పొగిడానంటావు. ఇక నుంచి పొగుడుతాను, నీ ఇష్టప్రకారమే.

ఇక్కడ పరిస్థితి ఘోరంగా ఉంది. మా గల్లీలో రోజూ అంబులెన్సే. ఇలాంటి సమయంలో మా మౌలిక్ భాయ్ మనసు కరిగిపోయింది. రాకెట్‌ను పక్కన పెట్టి జనానికి ఊపిరి పోయాలని కంకణం కట్టుకున్నాడు. ఎంత దయ! గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్లు చేస్తున్నాం. రాకెట్ కోసం తెచ్చిన గొట్టాలే, రాకెట్ కోసం తెచ్చిన డబ్బాలే. దేనికి తెచ్చామో దానికి పనికిరానివి మనుషులకైనా పనికొస్తున్నాయి.

మిషన్ ముందు పచ్చ లైటు ఉంది చిన్నబాపూ. ఏం లైటు! స్విచ్ వేయగానే వెలుగుతుంది. దాన్ని చూస్తే రోగికి ధైర్యం, రోగి ఇంటివాళ్ళకు ధైర్యం, ఫోటో తీసుకునే మాకు ఇంకా ధైర్యం. పరీక్ష చేసి చూస్తానంటే, "దేశం ఊపిరాడక చస్తుంటే పరీక్షలేంటి, అనూ" అన్నాడు. ఎంత తొందర, ఎంత దేశభక్తి! ఇంటికొక మిషన్ ఉంటే చాలు, ఇక ఎవరికీ ఆస్పత్రి అవసరమే రాదు. ఒక్కసారి పెట్టుకున్నవాడు మళ్ళీ ఆస్పత్రి ముఖం చూడడు. ఇంత మహత్తర యంత్రాన్ని పరీక్షించే భాగ్యం నాకు లేకుండా పోయింది.

చిన్నమ్మకు ఇది చదివి వినిపించు. నేరుగా పొగిడానుగా.

మీరు బయట తిరక్కండి. చిన్నమ్మను ముక్కుకు గుడ్డ కట్టుకోమను. అసలే బీడీ ఆకు దుమ్ముకు దగ్గుతుంది.

అనురాధ


కోరుట్ల
5 మే 2021

అమ్మా అనురాధా,

పోస్టు సరిగా నడవడం లేదు. ఊర్మిళ ఈ ఉత్తరాన్ని ఫోటో తీసి పంపుతానంది.

నిన్ను కంగారు పెట్టొద్దని ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ చిన్నమ్మకు జ్వరం వచ్చింది. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది. ఆస్పత్రికి పోదామంటే అక్కడ మంచాలు లేవంటున్నారు, పోయినవాళ్ళు తిరిగి రావడం లేదంటున్నారు. ఆమె కూడా "నేను రాను, ఇంట్లనే ఉంట" అని మొండికేసింది. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఎప్పుడూ తిట్టే నువ్వే నోరారా పొగిడిన యంత్రం! నీకు తెలియకుండా మౌలిక్ గారికి హిందీలో అర్జీ రాసి ఊర్మిళ చేత ఫోన్లో పంపించాను. నీ చిన్నాన్ననని చెప్పుకున్నాను. ఎంత ఉత్తముడు! బట్టల లారీలో వేసి నిన్ననే చేర్పించాడు. నీకు ఆశ్చర్యంగా ఉండాలని చెప్పొద్దన్నాను.

కనకవ్వకు పెట్టాం. పచ్చ లైటు దేదీప్యమానంగా వెలుగుతోంది. వేలికి తగిలించి చూసే మిషన్ అంకె మాత్రం కిందికే పోతోంది. ఆ వేలి మిషన్ మీదే నాకు అనుమానం.

మన కంపెనీకి మేం రుణపడి ఉన్నాం తల్లీ.

మార్కండేయ


లింబాయత్
5 మే 2021

చిన్నబాపూ,

నీ ఉత్తరం చూసిన మరుక్షణం ఫోన్ చేశాను. ఊర్మిళ ఎత్తింది. ఆ మిషన్ తీసెయ్యమన్నాను. "అక్కా, బాపు నవ్వుతుండు. నువ్వు ఎప్పుడూ గట్లనే అంటవట, కంపెనీని తిట్టకుంటే నీకు పొద్దువోదట" అంది. నువ్వు ఫోన్ తీసుకోలేదు. అందుకే రాసి పంపుతున్నాను. ఊర్మిళా, ఇది మీ బాపుకు చదివి వినిపించొద్దు, ఫోన్ చేతికే ఇయ్యి.

ఆ మిషన్‌లో ఆక్సిజన్ రాదు. లోపల ఆక్సిజన్‌ను వేరుచేసే పొడి తేమకు ముద్దకట్టి పాడైంది. ఏప్రిల్ ఉత్తరం రాశాక నేను చాటుగా పరీక్షించి చూశాను. గొట్టంలోంచి వచ్చేది ఇంట్లో ఉన్న గాలే. పచ్చ లైటు కరెంటు ఉంటే వెలుగుతుంది. అంతే. వేలి మిషన్ చెప్పేదే నిజం.

చిన్నమ్మను ఇప్పుడే జగిత్యాల పెద్దాస్పత్రికి తీసుకుపో. మంచం లేదంటే కింద పడుకోబెట్టు. రానంటే ఎత్తుకుని పో.

ఇందులో అలంకారం లేదు. నిందాస్తుతి లేదు, ఏ స్తుతీ లేదు. చిన్నమ్మ చచ్చిపోతుంది.

అనురాధ


కోరుట్ల
26 మే 2021

అనురాధా,

కనకవ్వ బతికింది. నిన్ననే ఇంటికి తెచ్చాం. గడప దాటితే ఆయాసం వస్తోంది, బీడీలు ఇక చుట్టొద్దన్నారు. అయినా బతికింది.

నీ ఉత్తరం వాకిట్లో నిలబడి చదివాను. అలవాటు కొద్దీ ఎక్కడైనా ఉపమానం ఉందేమో, వ్యంగ్యం ఉందేమో అని వెతికాను. ఏమీ దొరకలేదు. లోపలికి పోయి ఆ గొట్టం మూతికి చెయ్యి అడ్డం పెట్టాను. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టినట్టు ఉంది. కనకవ్వ నా ముఖం చూసి, "నేను మొదలే చెప్పిన గదనయ్యా, పిల్ల ఆడ గోస పడ్తున్నదని" అంది, ఆ ఊపిరి అందనితనంలోనే. ఆస్పత్రిలో డాక్టరు, ఒక పూట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళం అన్నాడు.

ఇంకో సంగతి. మేం ఆస్పత్రిలో ఉండగా పక్కింటి ఆగయ్యకు ముంచుకొచ్చింది. మిషన్ ఖాళీగానే ఉంది కదా, ఇయ్యమని వాళ్ళవాళ్ళు అడిగారు. నేను ఇంటికొచ్చి, మిషన్ ఉన్న గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను. పనిచేయదు, ఆస్పత్రికి తీసుకుపోండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నీ పెండ్లానికైతే పనిచేస్తది, మాకైతే చెయ్యదా?" అన్నారు. పచ్చ లైటు వెలగడం వాళ్ళు కళ్ళారా చూశారు మరి. పైగా దాని గొప్పలు వాడంతా చాటింది నేనే. ఆగయ్య దక్కలేదు. వాడకట్టులో ఇప్పుడు నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నీళ్ళకు పోతే ఊర్మిళను చూసి ఉమ్మేస్తున్నారు.

నిన్న మీ మౌలిక్ ఫోన్ చేశాడు. యంత్రం గురించి నాలుగు మంచి మాటలు, స్వదస్తూరీతో, తెలుగులోనే రాసి పంపాలట. తెలుగు అక్షరాలు గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటాయట. రాశాను. వ్యాజనింద అని ఒకటుంది, గుర్తుందా? పైకి పొగడ్త, లోపల తిట్టు. నువ్వు ఏప్రిల్‌లో రాసి పంపితే నేను పోల్చుకోలేకపోయిన అలంకారం అదే. నకలు ఇది:

"శ్రీ మౌలిక్ గారికి. తమరి దానం చేరినది. ఊర్ధ్వ వారి యంత్రమును ధరించిన వారికి ఊర్ధ్వశ్వాస తప్పక ప్రాప్తించును. మనుషులను ఊర్ధ్వలోకములకు చేర్చుటలో తమ రాకెట్టు చేయలేని పని ఈ యంత్రము చేయగలదు. ఇంటికొక్కటి పంచిన యెడల తమ కృప వలన ఇంటింటా తలాపున దీపము వెలుగును. నా భార్య ఆ భాగ్యమునకు కొద్దిలో దూరమైనది. జనులు తమ పేరు తలచి కన్నీరు పెట్టుకొందురు గాక."

ఎర్ర సిరాతోనే రాశాను.

మార్కండేయ


లింబాయత్
15 జూన్ 2021

చిన్నబాపూ,

నీ రచన అచ్చుకెక్కలేదు గాని గోడకెక్కింది. ఫ్రేము కట్టించి, హాల్లో థర్మాకోల్ రాకెట్ పక్కనే వేలాడదీశారు. మౌలిక్ భాయ్ నన్ను పిలిచి, "అనూ, ఇందులో ఊర్ధ్వ అని ఎక్కడుంది?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. మూడు చోట్ల ఉంటే ఉబ్బిపోయాడు. "తుమ్హారే అంకుల్ కవి హైఁ" అన్నాడు. కాదనలేదు.

మిగిలిన మిషన్లన్నీ ఆఫీసులో సభ పెట్టి మా లింబాయత్‌కే దానం చేస్తానన్నాడు. ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. రాసిచ్చాను, అరిచాను, కింద ఎంబ్రాయిడరీ కార్ఖానా వాళ్ళకు కూడా వినిపించేలా అరిచాను. "కొంచెం పాజిటివ్‌గా ఉండు, మనమంతా ఫ్యామిలీ" అన్నాడు. పైగా సభలో అందరికీ అర్థమయ్యేలా, నీ ఉత్తరం కింద దాని హిందీ అనువాదం పెద్ద అక్షరాల్లో రాసి పెట్టమని నాకే పురమాయించాడు. ఆఫీసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా. ఆ పని మాత్రం సభ రోజు పొద్దున్నే చాలా శ్రద్ధగా చేసి, ఎవరూ చదవకముందే దాని మీద గుడ్డ కప్పేశాను.

నిన్న సభ. పూలదండలు, ఫోటోలవాళ్ళు, వరసగా మిషన్లు, వాటి పచ్చ లైట్లు. ముఖ్య అతిథిగా డాక్టర్ రామమోహన్ గారు వచ్చారు, మనవాళ్ళే, ఇక్కడ ఆస్పత్రి నడుపుతున్నారు. మౌలిక్ భాయ్ ఫ్రేము మీది గుడ్డ లాగాడు. డాక్టరు గారు ముందు తెలుగు చదివారు. ఊర్ధ్వశ్వాస దగ్గర ఆగారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఈలోగా తక్కినవాళ్ళంతా కిందున్న హిందీ చదివేశారు. చప్పట్లు కొడదామని ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"ట్రాన్స్‌లేషన్ మిస్టేక్, ట్రాన్స్‌లేషన్ మిస్టేక్!" అని మౌలిక్ భాయ్ అందరి చుట్టూ తిరిగాడు.

"అనువాదంలో తప్పేం లేదండీ" అన్నారు డాక్టరు గారు. తన కారులోంచి ఆక్సిజన్ కొలిచే మీటరు తెప్పించి, ఒక్కొక్క మిషన్ గొట్టానికీ పెట్టి చూశారు. మా ఆఫీసులో ఇన్నాళ్ళకు అందరి ముందూ జరిగిన మొదటి నిజమైన పరీక్ష అది. ఒక్క మిషన్ కూడా గడప దాటలేదు.

నన్ను ఫ్యామిలీలోంచి వెళ్ళగొట్టారు. గేటు దగ్గర నా ఫోన్ నా చేతికిచ్చారు. ఇంటికొచ్చి బాపుకు చెప్తే భయపడతాడనుకున్నాను. "మంచిగైంది తియ్యి. సాంచా కాడ దారం తెగితే సాంచా బంద్ పెడ్తం. గింత అబద్ధం మేం ఆడం" అని, నాకు టీ కలిపిచ్చాడు. ఇంత తేలిగ్గా నేను ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

హిందీలో నేనేం రాశానో నీకు తెలియాలి కదా. తెలుగులో ఇది:

"ఈ మిషన్‌లో ఆక్సిజన్ రాదు. నా భార్య దీన్ని పెట్టుకుని చావబోయింది. దీన్ని ఎవరికీ ఇవ్వకండి."

నీ అలంకారాలన్నీ పాడుచేశానని కోప్పడకు. ఈ ఉత్తరం మాత్రం ఇంట్లో దాచుకోకు. ఆగయ్య వాళ్ళ వాకిట్లో నిలబడి, వాళ్ళు తలుపు తీసినా తీయకపోయినా, మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదువు. డాక్టరు గారి పేరు, నా పేరు కూడా చదువు.

పైలం చిన్నబాపూ.

అనురాధ